పైపూత

మా అక్కయ్య కొడుకు బాలానగర్‌లో ఒక టూల్ రూములో పనిచేస్తాడు. మొన్న ఆదివారం భోజనానికొచ్చి, జేబులోంచి బంగారు రంగు పంచ్ ఒకటి తీసి నా ముందు పెట్టాడు. రేకులకి చిల్లులు కొట్టే పనిముట్టట.

"బంగారం కాదు పిన్నీ, టైటానియం నైట్రైడ్. 3 మైక్రాన్ల పూత" అన్నాడు. అంటే సుమారు వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు! వికర్స్ కొలతలో దాని గట్టిదనం 2,000 దాటుతుందిట. మెత్తటి ఉక్కు 200 కూడా ఉండదు.

మరి అంత గట్టిది అంచు దగ్గర పెచ్చులెందుకు లేచిందిరా అంటే, "పూత తప్పు కాదు, కింద ఉక్కు మెత్తన. పరుపు మీద అప్పడం పెట్టి వేలితో నొక్కు, నీకే తెలుస్తుంది" అన్నాడు. ఒత్తిడికి కిందిది లొంగుతుంది. పూతకి లొంగడం చేతకాదు, పగులుతుంది. అందుకని తెలిసినవాళ్లు ముందు ఉక్కుని అమ్మోనియా వాయువులో, 500 డిగ్రీల పైచిలుకు వేడిలో గంటల తరబడి ఉంచుతారట. నత్రజని మెల్లగా లోపలికి ఇంకి, కొంత లోతు వరకూ గట్టిపడుతుంది. నడిమధ్య మాత్రం ఎప్పట్లాగే ఉంటుంది. అదీ ఉండాలిట, మొత్తం బిగుసుకుపోతే దెబ్బకి విరుగుతుందిట! ఆ తరవాతే పూత.

నేను చదివింది తెలుగు, చరిత్ర. లోహాల సంగతి నాకేం తెలుసు? కాని ఆ రాత్రి నిద్రపట్టలేదు.

పోయినేడు అత్తవారింటినించి ఏడుస్తూ ఫోను చేసిన మా అమ్మాయితో, "మనసు రాయి చేసుకో, నలుగురిలో కంటతడి పెట్టకు" అన్నాను. నెల తిరక్కుండా ఏడుపు మానేసింది. ఇప్పుడెప్పుడడిగినా "బాగున్నానమ్మా" అనే మాటొకటే, నిగనిగలాడుతూ. నా పెంపకమని గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఓర్చుకోమనడం తప్పా? తప్పనలేను. ఓర్పు లేకుండా ఏ సంసారం, ఏ ఉద్యోగం సాగింది గనక! కాని పూత వేసుకోమన్నదాన్ని, లోపలికి ఏమి ఇంకించానని? దాని పక్కన గంటల తరబడి కూర్చున్నానా? కష్టం చెప్పుకుంటుంటే, పోపు మాడుతోందని ఫోను పెట్టేశాను. నిజానికి ఆ రోజు పొయ్యి మీద ఏమీ లేదు.

నిన్న రాత్రి నేనే ఫోను చేశాను. "బాగున్నానమ్మా" అంది.

"అది సరే, ఇంకా చెప్పు" అన్నాను.

అటునించి చాలాసేపు ఏమీ వినిపించలేదు. నేను ఫోను పెట్టెయ్యలేదు.