వాహనం ఎక్కినవారి పుణ్యం, ఊళ్లో ఉన్నవారి దారి

తీర్థయాత్ర ఫలం పడిన శ్రమను బట్టి వస్తుందా, క్షేత్రాన్ని చేరుకోవడం వల్లనే వస్తుందా అన్న విషయంలో ధర్మశాస్త్రకారులకు ఏకాభిప్రాయం లేదు. సంపద గర్వంతో గాని, లోభమోహాలతో గాని వాహనమెక్కి వెళ్లినవాడి యాత్ర నిష్ఫలమని మత్స్యపురాణంలోని ప్రయాగ మాహాత్మ్యం హెచ్చరిస్తుంది. ఆ నిషేధం ఎంతవరకు వర్తిస్తుందన్నది నిబంధకారుల మధ్య, అంటే స్మృతి పురాణ వచనాలను విషయాల వారీగా కూర్చి వ్యాఖ్యానించిన పండితుల మధ్య వాదమైంది. 12వ శతాబ్దానికి చెందిన లక్ష్మీధరుడు కృత్యకల్పతరువులో దాన్ని ప్రయాగకే పరిమితం చేయగా, మరికొందరు ఏ వాహనానికి ఎంత ఫలం తగ్గుతుందో తరతమాలు కట్టి, సంపూర్ణ ఫలాన్ని కాలినడకకే కేటాయించారు.

ఈ లెక్కన కృష్ణాతీరంలోని బీచుపల్లికి వచ్చే భక్తులలో ఎక్కువమందికి మిగిలేది స్వల్పమే, ఎందుకంటే హైదరాబాదు నుంచి కర్నూలు మీదుగా బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి, ఒకప్పటి 7వ నంబరుది, ఇక్కడి ఆంజనేయస్వామి ఆలయానికి చేరువలోనే నదిని దాటుతుంది. బృహస్పతి కన్యారాశిలో ప్రవేశించినప్పుడు వచ్చే కృష్ణా పుష్కరాలకు, 2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు, ఈ చిన్న ఊరి జనాభాతో పోలికే లేనంత జనం ఈ ఘాట్లలో మునిగారు. అంతమందిని ఇక్కడికి చేర్చింది ప్రధానంగా ఆ రహదారే.

అయితే మత్స్యపురాణం తప్పుపట్టింది బండిని కాదు, బండెక్కినవాడి మదాన్ని. మహాభారతంలోని అరణ్యపర్వంలో పులస్త్యుడు చెప్పిన మాట దీనికి బలమిస్తుంది: యజ్ఞాలు రాజులకు, ధనికులకు తప్ప సాధ్యం కావు గనుక, దరిద్రుడికి కూడా అందే తీర్థయాత్ర వాటికన్నా విశిష్టమైనది. అందుబాటే తీర్థానికి గొప్పతనమైనప్పుడు ముసలివారిని, నడవలేనివారిని గట్టు దాకా చేర్చే ఆర్టీసీ బస్సు పుణ్యాన్ని హరిస్తుందనడం శాస్త్రాన్ని తలకిందులుగా చదవడమే.

కానీ అందుబాటు ఎవరికి అన్న ప్రశ్నను నిబంధకారులు యాత్రికుడి వైపు నుంచే చూశారు, క్షేత్రవాసి వారి తర్కంలో దాదాపు కనబడడు. బీచుపల్లి స్థలపురాణం ఈ విషయంలో వారికన్నా ముందుంది: విజయనగర కాలపు మాధ్వయతి వ్యాసరాయలు స్వామిని ప్రతిష్ఠించి, తెల్లవారి మొదట కనబడినవాడికే అర్చన అప్పగించాలని తలచగా బోయ బాలుడొకడు కనబడ్డాడని, అతని పేరే ఊరికి వచ్చిందని చెబుతారు. చరిత్రగా దీన్ని ఎంతవరకు నమ్మాలన్నది వేరే సంగతి. క్షేత్రానికి తొలి హక్కుదారు దూరం నుంచి వచ్చినవాడు కాదని, అక్కడే ఉన్నవాడని ఆ కథ భావం.

ఆ భావానికి పరీక్ష బీచుపల్లికి ఎగువన, జూరాల ప్రాజెక్టుకు దిగువన, కృష్ణ పాయల మధ్య ఉన్న గుర్రంగడ్డ. ఈ దీవి గ్రామస్థులు తరతరాలుగా పుట్టి మీద, పడవ మీద నదిని దాటి గద్వాల వైపు వచ్చారు. జూరాల గేట్లెత్తి వరద వదిలితే బడి, ఆసుపత్రి, సంత అన్నీ అవతలి గట్టునే ఆగిపోయేవి. యాత్రికుడు కోరి పడే శ్రమకు తపస్సని పేరుంది. దారి లేక పడే శ్రమను మాత్రం ఏ స్మృతీ పుణ్యంగా లెక్కించలేదు, లెక్కించకపోవడమే న్యాయం.

ధర్మశాస్త్రం సత్కర్మలను ఇష్టమనీ, పూర్తమనీ విభజించింది: యజ్ఞయాగాదులు ఇష్టం, బావులు, చెరువులు, ఆలయాలు, తోటలు, అన్నదానం వంటి లోకోపకార కార్యాలు పూర్తం. యజ్ఞాధికారం లేని శూద్రులకు కూడా పూర్తంలో అధికారముందని స్మృతులు ఒప్పుకున్నాయి. దాహం తీర్చే బావి పూర్తమైనప్పుడు, ప్రసవవేదనలో ఉన్న స్త్రీని ఏరు దాటించే వంతెన అందులో చేరదనడానికి కారణం కనబడదు. స్నానఘట్టం కన్నా దానికే ముందు చోటివ్వాలి. కృష్ణా పుష్కరాలు మళ్లీ 2028లో రానున్నాయి. వాటి ఏర్పాట్లు చేసేవారు ఘాట్ల పొడవుతో పాటు తీరగ్రామాల దారులను కూడా అదే పద్దులో రాయాలి.