పట్టా ఒకరిది, పైరొకరిది

హొగేనక్కల్ జలపాతము చూడవచ్చు బంధువులు పుట్టి యెక్కి, నీటితుంపరలలో తడిసి, చేపల వేపుడు భుజించి, "మీకేమి, కావేరి యొడ్డున నున్నారు" అని మమ్ము నభినందించి పోవుచుందురు. కావేరి లోయలో పారును, మా పొలములు మెట్టమీద నున్నవి. పెన్నాగరము ప్రాంతమున రాగి, ఉలవ, వేరుసెనగ వానను నమ్ముకొన్న పంటలు. 2013లో హొగేనక్కల్ మంచినీటి పథకము వచ్చువరకు ఈ జిల్లాలో అనేక గ్రామములవారు ఫ్లోరైడు కలిసిన బోరునీరే త్రాగిరి.

ఇట్టి సేద్యమునకు ప్రభుత్వము సాయపడుట న్యాయమే. 2019 ఫిబ్రవరి 24న ప్రారంభమైన ప్రధానమంత్రి కిసాన్ సమ్మాన్ నిధి క్రింద, భూమిగల రైతు కుటుంబమునకు ఏటికి 6,000 రూపాయలు మూడు విడతలుగా బ్యాంకు ఖాతాలో పడుచున్నవి. మాకును పడుచున్నవి. చిక్కంతయు నక్కడనే యున్నది.

మా పేర రెండున్నర యెకరములకు పట్టా కలదు. కాని మేము నలువది యేండ్లు మండీలో చిట్టా వ్రాసినవారమే గాని మడక పట్టినవారము కాము. మా తండ్రిగారి నాటినుండి ఒక కుటుంబము ఆ చేను గుత్తకు చేయుచున్నది. కాగితము లేదు, నోటిమాటయే. వాన తప్పిన యేడు విత్తనపు ఖర్చు ఆతనిది, అప్పు ఆతనిది. ఫోను మ్రోగి వచ్చు రెండువేలు మావి.

2020లో తమిళనాట ఈ పథకమున ఐదు లక్షలకు పైబడి అనర్హులు చేరిరని బయటపడి, అధికారులు సొమ్ము తిరిగి రాబట్టసాగినప్పుడు, మేమును నలుగురితోబాటు వారిని దొంగలని తిట్టితిమి. ఆ రాత్రి నిదుర పట్టలేదు. వారు నిబంధన దాటి తినిరి, మేము నిబంధనకు లోబడి తినుచున్నాము. మోసమునకును, కలిసివచ్చిన చట్టమునకును భేదము కలదు, లేదనము. అయినను దున్నని చేతికి సేద్యపు సొమ్ము వచ్చుట రెంటను సమానమే గదా!

గుమాస్తాగిరి చేసినవారమగుటచే ప్రభుత్వపు ఇబ్బందియు నెరుగుదుము. రిజిస్టరులోని పేరు కండ్లకు కనబడును, చేనిలో వంగిన నడుము కనబడదు. మన తెలుగు రాష్ట్రములలోను ఇదే తగవు. తెలంగాణమున 2018లో మొదలిడిన రైతుబంధు పట్టాదారులకే దక్కినది, కౌలుదారునకు లేదు. ఆంధ్రమున 2019లో సాగుదారుల హక్కులకు చట్టము చేసి, పదునొకండు మాసముల ఒప్పందముపై కార్డు లియ్యబూనిరి. దానికి భూయజమాని సంతకము కావలెను. సంతకము పెట్టిన చేను చేజారునని యజమానులు వెనుదీసిరి.

పరుల ననుటయేల? తమిళనాట 1969 నాటి కౌలుహక్కుల నమోదు చట్టము కలదు. మా గుత్తదారుని పేరు అందు వ్రాయించుదమా యని యింట కదపగా, మా కుమారుడు "నాన్నా, ఇక పొలము మరచిపోవలసినదే" అనెను. మేము మారుపలుకలేదు. ఆతనిని పిసినారి యని కోపించుటకును నోరాడలేదు. ఆ భయము మాలోను కలదు.

గత విడత సొమ్ము మాత్రము తీసికొని గుత్తదారుని యింటికి పోతిమి. ఆతడు అరుగు దులిపి కూర్చుండబెట్టి, నోట్లు చూచి నవ్వెను.

"పట్టా మీది, దుడ్డు మీది. ఇది పుచ్చుకొంటే వచ్చే యేడు గుత్త పెంచుతారేమో సామీ!"

పెంచమని చెప్పితిమి. ఎంత బలవంతపెట్టినను ఊరక పుచ్చుకొనక, లెక్కలో వ్రాసికొమ్మనెను. గుత్తలో రెండువేలు చెల్లు వ్రాసితిమి. సంతకపు మాట ఆతడు ఎత్తలేదు. మేమును ఎత్తలేదు.