పియానో మూత విప్పించకమ్మా

అమ్మలూ,

నీ డిజిటల్ పియానో సంగతి మీ అమ్మ చెప్పింది. కొని ఏడాదైనా తిరక్కముందే నడిమి మెట్లు కొన్ని మెల్లగా తాకినా ధణేల్మని మోగుతున్నాయట, రెండు అసలు పలకడమే లేదట. కంపెనీకి ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరు ఇస్తారు, మనిషి రాడు. మళ్లీ చేస్తే పాత ఫిర్యాదు మూసేశాం, కొత్తది పెట్టుకోమంటారు. షాపువాళ్లేమో కంపెనీతోనే మాట్లాడుకోండంటారు. విసుగెత్తి, గుంటూరులో తెలిసిన మెకానిక్ చేత విప్పిస్తానన్నావట. ఆ పని మాత్రం చెయ్యకు.

ఆ పెట్టెలో ప్రతి మెట్టు కింద రబ్బరు కాంటాక్టులు రెండో మూడో ఉంటాయి. ఒకటి తగిలాక రెండోది ఎంతసేపటికి తగిలిందన్న లెక్కను బట్టే నువ్వు మెల్లగా నొక్కావా, గట్టిగా నొక్కావా అన్నది దానికి తెలుస్తుంది. అవి చెడితే మెట్లు నీ దగ్గర మోగుతున్నట్టే మోగుతాయి. శుభ్రం చేస్తే బాగుపడొచ్చు కూడా. కానీ బయటివాడు ఒక్క స్క్రూ తిప్పాడంటే వారంటీ పోయిందనడానికి వాళ్లకు సాకు దొరుకుతుంది. తేమ అనో, ఎలుకలు అనో ఎలాగూ అంటారు. చుట్టూ వరిచేలున్న మీ పొన్నూరులో ఎలుకల్లేవంటే నమ్మేదెవరు!

మిరప, పత్తి విత్తనాలు కొనే మన రైతుకు కంపెనీల ఇలాంటి సాకులు కొత్త కాదు. పంట దెబ్బతింటే ముందు వెతికేది బిల్లూ, ఖాళీ ప్యాకెట్టూ. జాతీయ విత్తన సంస్థకూ ఆంధ్రప్రదేశ్ రైతులకూ నడిచిన కేసులో 2012 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. విత్తనాన్ని ల్యాబుకు పంపలేదు కాబట్టి లోపం రుజువు కాలేదని సంస్థ వాదించింది. కొన్నదంతా చల్లేసే రైతు పరీక్ష కోసం కాస్త దాచుకుంటాడా అని కోర్టు ఆ వాదన తోసిపుచ్చింది. రైతులు వినియోగదారులే కారన్న మాట కూడా నిలవలేదు. ఆ రైతులకు లేని వీలు నీకుంది. నీ వస్తువు చెక్కుచెదరకుండా ఇంట్లోనే ఉంది, రేపు వినియోగదారుల కమిషన్ పరీక్షకు పంపమన్నా పంపొచ్చు. మూత విప్పించొద్దని ఇంతగా చెప్పేది అందుకే. పిల్లలకు పాఠాలు చెప్పి ఫీజు తీసుకుంటున్నావు కాబట్టి నీది వ్యాపారమని కంపెనీ అనొచ్చు. బెదరకు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం సొంతంగా వాడుకునే వస్తువు వ్యాపారం కిందికి రాదని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది.

ఇక ఫోన్లు తగ్గించు. అవతల మాట్లాడే పిల్ల జీతానికి పనిచేసేది, ఆమె మీద అరిచి లాభం లేదు. ఏ మెట్లు, ఎప్పటి నుంచి, ఎలా మోగుతున్నాయో వీడియో తియ్యి. బిల్లు, షాపు సీలున్న వారంటీ కార్డు, ఇచ్చిన ఫిర్యాదు నంబర్లన్నీ ఒకచోట పెట్టు. కంపెనీకీ షాపుకీ ఇద్దరికీ నోటీసు రాసి, గడువు పెట్టి, స్పీడ్ పోస్టులో పంపు. షాపును వదిలేశావంటే రేపు ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు. దాంతోపాటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించు. ఆ హెల్ప్‌లైన్ వాళ్లు తీర్పేమీ ఇవ్వరు గానీ, వాళ్ల దగ్గర నుంచి ఫిర్యాదు వెళ్తే కొన్ని కంపెనీలు కదులుతాయి.

కదలకపోతే గుంటూరులో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వారంటీ కార్డు వెనక చిన్న అక్షరాల్లో ఏ ఊరి కోర్టు పేరున్నా, నువ్వు ఉండే చోటే కేసు వేసుకోవచ్చు. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, వకీలు లేకుండానే వాదించుకోవచ్చు, ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. గొడవ మొదలైన నాటి నుంచి 2 ఏళ్లలోపు మాత్రం వేసెయ్యాలి. చట్టం ప్రకారం 3 నెలల్లో, ల్యాబు పరీక్ష అవసరమైతే 5 నెలల్లో తేల్చాలి. వాయిదాలు అంతకు మించే నడుస్తాయి, అది తెలిసే దిగు.

డబ్బు వాపసు అడగాలా, కొత్తది అడగాలా అన్నది నోటీసు రాయకముందే తేల్చుకో. నన్నడిగితే డబ్బే అడుగు. కొత్తది ఇచ్చినా రేపు ఈ సర్వీసువాళ్ల చుట్టూనే తిరగాలి గదా. ముసాయిదా రాసి నాకు పంపు, కోపం మాటలుంటే కొట్టేసి ఇస్తాను.

మీ పెదనాన్న