చీకటి కథలు – మన యౌవనస్థులు

ధ్యాన భాగములు: న్యాయాధిపతులు 11:29–40, 2 సమూయేలు 13:1–22



ఇంటరు చదువుచున్న మన ఆడపిల్లలు, పాత రాకుమారి కథలను క్రొత్తగా తిరుగ వ్రాసిన ఇంగ్లీషు నవలలను సెల్‌ఫోనులలో చదువుచున్నారు. వాటిలో హత్య యున్నది, చెర యున్నది, కన్నతల్లియే బిడ్డకు కీడు తలపెట్టుట యున్నది. ఇవి విశ్వాసుల పిల్లలు చదువదగినవేనా అని ఆత్రేయపురము ప్రాంతపు తల్లులు కొందరు అడుగుచున్నారు. అడుగవలసిన ప్రశ్నయే. వద్దని ఒక్క మాట అనివేయుట సులువు. కాని చీకటి యున్నదను కారణముచేత పుస్తకమును మూయవలసివస్తే, మనము మొదట న్యాయాధిపతుల గ్రంథమును మూయవలసి యుండును.

యెఫ్తా కుమార్తెను తలంచుకొనుడి. తండ్రి యుద్ధమునుండి జయముతో తిరిగి వచ్చెను. ఆ పిల్ల తంబురతో నాట్యము చేయుచు ఎదురు వచ్చెను. నోరు జారి మ్రొక్కుకొన్నది తండ్రి. ప్రాణము మీదికి వచ్చినది కుమార్తెకు. పైగా ఆమె తనను క్రుంగజేసినదని అతడు ఆమెతోనే అనెను! గ్రంథములో ఆమె పేరైనను లేదు. అయినను ఇశ్రాయేలు కన్యకలు ఏటేట నాలుగు దినములు ఆమెను తలంచుకొనుచుండిరని వ్రాయబడినది. పెద్దలు ఆ కథను పిల్లలకు చెప్పవద్దనలేదు. ఆ పిల్ల యీడు పిల్లలే దానిని మోసికొని వచ్చిరి.

మన తెలుగు కథలు మాత్రము తక్కువ చీకటివా? బాలనాగమ్మ కథ ఎరుగని ముసలివారు గోదావరి లంకలలో ఎవరున్నారు? 1942లో జెమినీవారు చిత్తజల్లు పుల్లయ్యగారి దర్శకత్వములో దానిని సినిమా తీసిరి, కాంచనమాల బాలనాగమ్మగా నటించెను. చెప్పువారిని బట్టి వివరములు మారునుగాని, కథ యెముక ఒక్కటే. పసిబిడ్డ తల్లిని మాంత్రికుడొకడు కుక్కగా మార్చి ఎత్తుకొనిపోవును. వెదకబోయిన భర్త రాయియగును. ఆమె వ్రతమను సాకుతో వానిని యేండ్ల తరబడి దూరముగా ఉంచును. బిడ్డ పెరిగి, చిలుకలో దాచిన వాని ప్రాణమును కనుగొని, తల్లిని విడిపించును.

ఇట్టిదే కథ 1868లో మేరీ ఫ్రీర్ అను ఆంగ్ల యువతి ప్రకటించిన దక్కను కథల పుస్తకములోను ఉన్నది. అక్కడ ఆమె పేరు బాల్నా. ఆ కథలు చెప్పినది ఫ్రీరుగారి ఇంటి ఆయా, అన్నా లిబెరాటా డిసౌజా. ఆమె తాత గోవా ప్రాంతములో క్రైస్తవుడైనవాడు. కథలు ఆమెకు అవ్వ చెప్పినవి. ఒక క్రైస్తవ కుటుంబపు అవ్వ తన మనుమరాలికి రాళ్లయిన మనుష్యులను గూర్చియు, చిలుక రెక్క విరువగా మాంత్రికుని చేయి ఊడుటను గూర్చియు చెప్పెనన్నమాట. ఆ కథలో ఒక సంగతి మాకు మిక్కిలి నచ్చినది. కుమారుడు వానిని వెంటనే చంపడు. రాళ్లయిన వారందరిని మరల మనుష్యులుగా చేయుమని మొదట అడుగును. అది జరిగిన తరువాతనే శిక్ష.

తిరుగ చెప్పువాడు ఎల్లప్పుడును ఏదో ఒకటి మార్చును. జర్మనీలో గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేసిన కథలో, మంచువలె తెల్లనైన పిల్లను చంపింపజూచినది ఆమె కన్నతల్లియే. 1819 నాటి ముద్రణలో ఆమెను సవతితల్లిగా మార్చిరి. చదువరులకు అది హాయిగా నుండవచ్చును. కాని కీడు పరాయివారివలననే వచ్చునను మాట అందులో దూరినది. మన మాయలవాని సంగతియు చూడుడి. ఒకచోట ఫకీరు, ఒకచోట మరాఠీ. దుష్టునికి పరుల మతము పేరో, పరుల జాతి పేరో తగిలించుట మనకు ఎంత తేలిక! పిల్లలకు ఈ కథ చెప్పునప్పుడు ఆ మాటయు చెప్పవలెను.

ఇప్పటి నవలలలో కొన్ని ఆ కీడును మరల ఇంటి లోపలికే తెచ్చుచున్నవి. అందువలననే అవి మనలను నొప్పించుచున్నవి. తామారునకు కీడు చేసినది మాయలవాడు కాడు, తండ్రి కుమారుడే. అబ్షాలోము ఆమెను ఊరకుండుమనెను. వాడు నీ అన్న కదా అనెను. ఇంటి గుట్టు అని మనవారనునది ఇదియే గదా. రాజైన దావీదు కోపపడెను. ఆ కోపముతో అతడు చేసినదేమియు వ్రాయబడలేదు. అట్టి ఇంటిలో ఊరకున్న పిల్ల మన సంఘములోను ఉండవచ్చును. తనకు జరిగినదానికి మాట దొరకక, ఒక నవలలో ఆ మాటను కనుగొనవచ్చును. ఆ పుస్తకము లాగుకొన్నవారు ఆమె నోటిలోని మాటను కూడ లాగుకొందురు. పదునెనిమిది ఏండ్ల లోపు పిల్లలను కాపాడుటకు 2012లో పోక్సో చట్టము చేయబడినది. 1098 అను ఫోను నంబరును పిల్లలకు నేర్పని ఆదివార బడి, యెఫ్తా కథను సగమే నేర్పినట్లు.

అయితే అన్ని పుస్తకములను మేము వెనకేసుకొని రాము. చెరపట్టినవాడే చివరకు ప్రియుడగు కథలు కొన్ని వచ్చుచున్నవి. వాని క్రూరత్వమునకు ప్రేమయని పేరు. అది చీకటి కాదు, అబద్ధము. బాలనాగమ్మ యేండ్ల తరబడి పట్టిన పట్టు తీసివేయుడి, ఆ కథలో ఇక ఏమి మిగులును? మన పిల్లలకు ఈ భేదము తెలియదని యనుకొనుటయు పొరపాటే. అడిగి చూచినవారికి వారు చెప్పు జవాబులు పెద్దల నోరు మూయించును.

ఆత్రేయపురపు ఇండ్లలో పూతరేకులు తీయు తల్లి, మంటపై బోర్లించిన కుండయొద్దకు కుమార్తెను రావద్దనదు. పక్కన కూర్చుండబెట్టుకొని, తడిగుడ్డ ఎట్లు వేయవలెనో, చేయి ఎప్పుడు తీయవలెనో చూపును. పదేండ్ల పిల్లకు ఆ పని ఇయ్యదు, పదునారేండ్ల పిల్లకు ఇచ్చును. చదువు విషయములోను వయస్సు చూడవలసినదే. కాని తలుపు మూసికొని ఒంటరిగా చదువుకొమ్మనుటకంటె, తల్లియు చదివి, ఎవరి పక్షమున నిలిచినది ఈ కథ అని అడుగుట మేలు.

రాబోవు స్త్రీల కూడికలో న్యాయాధిపతులు పదునొకండవ అధ్యాయమును, బాలనాగమ్మ కథను ఒకే సాయంకాలమున చదువుడని మా మనవి. మొదట పిల్లలనే మాటలాడనియ్యుడి. కాపరిగారును పెద్దలును ఆ తరువాత మాటలాడవచ్చును.