పాత బండిలో క్రొత్త ఇంజను

ధ్యానభాగములు: యెహెజ్కేలు 36:25–27, మత్తయి 9:16–17, లూకా 19:1–10



మన పల్లెల బిడ్డలు అనేకులు విశాఖపట్టణపు ఉక్కునగరమునందును, దాని దాపుననున్న గాజువాకయందును పనులు చేసికొని బ్రతుకుచున్నారు. వారిని చూడబోయినప్పుడు గాజువాక ఆటోనగరు షెడ్లయొద్ద కొంతసేపు నిలిచి చూచినచో మనకొక పాఠము దొరకును. పాత అంబాసిడరు కారు ముందు మూత ఊడదీసి గోడకు ఆనించియుండును. మడ్డి పట్టిన పాత ఇంజను గొలుసు కప్పీకి వ్రేలాడుచు పైకి లేచును. దాని స్థానములో బలమైన మరియొక ఇంజను దిగును.

అంబాసిడరును ఎరుగనివారు మనలో లేరు. కలెక్టరు వచ్చినను, పెండ్లికుమారుడు వచ్చినను, ప్రసవవేదన పడుచున్న స్త్రీని ఆసుపత్రికి కొనిపోయినను ఒకప్పుడు ఆ కారే. బెంగాలు దేశములోని ఉత్తర్‌పారాలో 1950ల చివర మొదలై 2014 మే నెలవరకు దానిని తయారుచేసిరి. బహుకాలము దానిలో 1489 సి.సి. ఇంజను ఉండెను, బలము సుమారు 50 గుర్రములు. 1990ల తొలి సంవత్సరములలో ఆ కంపెనీవారే జపానుదేశపు ఇసుజు వారి 1817 సి.సి. ఇంజనును ఆ పాత దేహములోనే అమర్చిరి. బలము 75 గుర్రములైనది. నాలుగు గేర్లకు బదులు అయిదు వచ్చెను. వెలుపల చూచువానికి అదే గుండ్రని కారు. ఇక పెట్రోలు ఖర్చు భరింపలేక డీజిలు ఇంజను వేయించుకొనిన టాక్సీవారు మన దేశమంతట కలరు. ఇప్పుడు ఇంజనునే తీసివేసి విద్యుత్తు మోటారు పెట్టువారును బయలుదేరిరి.

అయితే, ప్రియులారా, మంచి మేస్త్రీ యెవడును ఇంజను దింపగానే పని ముగిసినదని చెప్పడు. అప్పుడే అతని పని మొదలగును. క్రొత్త ఇంజను వెనుక భాగము పాత గేరుబాక్సుతో కలియదు గనుక నడుమ ఉక్కు పలక కోయించి బిగింపవలెను. ఇంజనును మోయు మౌంటింగులు మార్చవలెను. డీజిలు ఇంజను సాధారణముగా బరువెక్కువ, అదురు ఎక్కువ, పాత మౌంటింగులు చీలిపోవును. పాత రేడియేటరు క్రొత్త వేడిని చల్లార్చలేదు. క్లచ్చి జారును. ఇవన్నియు సరిచేసిన తరువాత మిగిలినది అన్నిటికంటె ముఖ్యమైనది, జనులు తరచుగా మరచునది: బ్రేకు.

దీనిని కొంచెము నిదానముగా ఆలోచించుడి. గంటకు 40 కిలోమీటర్లు పోవు బండిని ఆపుటకంటె 80 పోవు బండిని ఆపుటకు రెండింతలు కాదు, నాలుగింతల శక్తిని బ్రేకులు మ్రింగవలెను. ఆ శక్తి యంతయు వేడిగా మారును. పాత అంబాసిడరుకు నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. అనంతగిరి ఘాటు దిగునప్పుడు విడువక బ్రేకు త్రొక్కినచో డ్రమ్ము కాగి వ్యాకోచించును, లోపలి లైనింగు పట్టు సడలును, పెడలు నేలను తాకినను బండి ఆగదు. ఎక్కునప్పుడు యజమానుని సంతోషపరచిన ఇంజనే దిగునప్పుడు అతని ప్రాణముమీదికి తెచ్చును. ఇంజనులో లోపమేమియు లేదు. దాని బలమునకు తగినట్లు మిగిలిన బండిని మార్చలేదు, అంతే.

ప్రవక్తయైన యెహెజ్కేలు చెప్పిన వరుసను చూడుడి. మొదట శుద్ధజలము చల్లుట. తరువాత రాతిగుండె తీసివేసి మాంసపు గుండె నిచ్చుట. మనము సాధారణముగా అక్కడ బైబిలు మూసి హల్లెలూయ పాడెదము. కాని దేవుడు అక్కడ ఆగలేదు. ఇరువదియేడవ వచనములో తన ఆత్మనుంచి, తన కట్టడలనుబట్టి వారిని నడిపించెదననుచున్నాడు. గుండె మార్పు ఒక వచనము, నడక మరియొక వచనము.

పాత వస్త్రమునకు క్రొత్త గుడ్డ మాసిక తగదని ప్రభువు సెలవిచ్చెను గదా, ఈ ఉపమానము ఆ మాటకు విరోధము కాదా అని ఎవరైన అడుగవచ్చును. మంచి ప్రశ్నయే. ప్రభువు చూపిన అపాయమేమి? మార్పులేని పాతదానిని క్రొత్తదాని బలము చింపివేయుననియే గదా. క్రొత్త ద్రాక్షారసము పొంగుచున్నది. తిత్తి ఎండి బిగుసుకొని యున్నది. ఆటోనగరు మేస్త్రీకి ఈ వాక్యము వివరింప నక్కరలేదు.

మన గ్రామములలో జరుగుచున్నది చూడుడి. ఉజ్జీవకూటములలో ఒక యౌవనుడు నిజముగా మారుమనస్సు పొందును. సారా మానును, తెల్లవారుజామున లేచి ప్రార్థించును. కాని అతని నాలుకకు పాత బ్రేకులే. నిన్నటివరకు అరుగుమీద మౌనముగా కూర్చుండినవాడు నేడు తండ్రిని నలుగురిలో తూలనాడును; భార్య సందేహించి ఒక మాట అడిగినచో నరకము పేరు చెప్పి బెదరించును. ఆరు నెలలలో ఇల్లు రెండగును. అప్పుడు ఊరివారు వాని బాప్తిస్మమే బూటకమందురు. సంఘపెద్దలును తల యూపుదురు. అట్లు తీర్పు తీర్చుట తొందరపాటు. ఇంజను మంచిదే కావచ్చును. వాని ప్రక్కన కూర్చుండి, నాలుకను అదుపు చేయుటను గూర్చి యాకోబు వ్రాసిన పత్రిక చదివించినవారెవరు?

మరియొక మాట. ఇంజను విప్పి బాగుచేయించిన దినములలో కార్ల వెనుక అద్దముమీద రన్నింగ్-ఇన్ అని కాగితము అంటించెడివారు. కొన్ని వందల మైళ్లు మెల్లగా నడిపెదము, వెనుకనున్నవారు ఓర్చుకొనుడని దాని భావము. మనమో, మారుమనస్సు పొందినవానిని మరుసటి ఆదివారమే ప్రసంగపీఠ మెక్కించెదము! క్రొత్తగా చేరినవానిని అధ్యక్షునిగా నియమింపవద్దని అపొస్తలుడు తిమోతికి వ్రాసినది ఇందుకే. ఆ పౌలుకైనను దమస్కు మార్గమునకు పిమ్మట అరేబియా, మరల దమస్కు, మూడు సంవత్సరములు గడచినవని గలతీయులకు వ్రాసిన పత్రిక చెప్పుచున్నది.

ఈ ఉపమానమును మరీ సాగదీయరాదు. బండి తన బ్రేకులు తాను మార్చుకొనలేదు, మనమును అంతే. సత్క్రియ ఆరంభించినవాడే కొనసాగించును. కాని షెడ్డులో నిలిచియుండుటకు మనము ఒప్పుకొనవలెను.

చట్టముకూడ ఒక సంగతి కోరుచున్నది. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము, 52వ సెక్షను చొప్పున ఇట్టి మార్పునకు రిజిస్ట్రేషను అధికారి అనుమతి కావలెను. క్రొత్త ఇంజను నంబరు ఆర్.సి.లో ఎక్కవలెను. ఎక్కనియెడల, బండి ఎంత బాగుగా పరుగెత్తినను, తనిఖీలో పాత నంబరు ఒకటి, లోపలి ఇంజను ఒకటి. 2021లో వచ్చిన నియమములు ఏబది సంవత్సరములు దాటిన బండ్లకు ప్రాచీన వాహనములను ప్రత్యేక గౌరవమిచ్చినవి; అయితే మూలరూపము చెడనివాటికే ఆ గౌరవము, అవియు నిత్యము రోడ్డుమీద తిరుగరాదు. కాబట్టి తాతనాటి కారు గలవాడు నిర్ణయించుకొనవలెను: ప్రదర్శనకు నిలుపుటకా, ప్రయాణము చేయుటకా? తాతలనాటి క్రైస్తవులమని చెప్పుకొను కుటుంబములు ఈ ప్రశ్న యొద్ద కొంచెము ఆగవలెను.

ఎఫెసులో విశ్వసించినవారు తాము చేసినవాటిని బహిరంగముగా ఒప్పుకొని, ఏబదివేల వెండి రూకల వెలగల మాంత్రిక గ్రంథములను అందరియెదుట కాల్చివేసిరి. వారి ఆర్.సి. మారినది.

జక్కయ్య యింటను అట్లే జరిగెను. ప్రభువు ఆ యింట కాలుపెట్టిన దినమే అతని హృదయము మారెను. అయినను అతడు నిలువబడి లెక్క చెప్పెను. ఆస్తిలో సగము బీదలకు. అన్యాయముగా తీసికొనినదానికి నాలుగంతలు. సణుగుచున్నవారి చెవిని ఆ మాట పడినది. మరునాడు యెరికో పట్టణములో ఎన్ని గుమ్మములు అతడు ఎక్కవలసివచ్చెనో లూకా వ్రాయలేదు. సుంకపు చిట్టా అతనియొద్దనే యుండియుండును. పేర్లు వెదకుకొనుట కష్టమై యుండదు.