మేం తినేదే అండీ

మిగిలిన అన్నం వీధికుక్కకి పెట్టడం మా ఇంట్లో అమ్మ నేర్పిన అలవాటు. పారేస్తే పాపం, పెడితే పుణ్యం. లెక్క అక్కడితో తేలిపోయేది. చంటిగాడు ఇంట్లోకొచ్చాక నేనూ అదే లెక్క నడిపాను. ఉల్లిపాయ పులుసు కలిపిన అన్నమంటే వాడు గిన్నె నాకినాకి తినేవాడు. ఒకరోజు మూల పడుకుని ఎంత పిలిచినా లేవలేదు. డాక్టరుగారు పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"ఏం పెడుతున్నారమ్మా?"

"మేం తినేదే అండీ," అన్నాను, కాస్త గర్వంగానే.

ఉల్లి, వెల్లుల్లి కుక్కల నెత్తుట్లో ఎర్రకణాలని పాడుచేస్తాయి. ఉడికించినా ఆ గుణం పోదు. రోజూ కొంచెం కొంచెం పెట్టినా ప్రమాదమే. పొంగలిలో కిస్మిస్ కూడా అంతే, అది మూత్రపిండాల మీద పడుతుంది. చంటిగాడు బతికాడు.

తెలియక చేశాను కదా అని మొదట్లో సర్దిచెప్పుకున్నాను. కానీ చుట్టమైతే వద్దంటాడు, పిల్లాడైతే ఉమ్మేస్తాడు. వీడు నా చేతిలో ఏముంటే అది తింటాడు. వాడికి తెలుసుకునే దారే లేనప్పుడు నాకు తెలియదనడం ఎంతవరకు చెల్లుతుంది?

ఇప్పుడు కత్తిపీట ముందు కూచుంటే పక్కకొచ్చి చేరతాడు. క్యారెట్, కీరదోస సన్నముక్కలు, ఉప్పు వెయ్యకుండా ఉడికించిన బీన్స్, గుమ్మడి. పెద్ద ముక్క గొంతుకి అడ్డం పడుతుంది. చిరుతిళ్ళన్నీ కలిపినా రోజు తిండిలో పదోవంతు దాటకూడదన్నారు డాక్టరుగారు. తోడేళ్ళకన్నా కుక్కలకి పిండిపదార్థం అరిగించుకునే జన్యువు ప్రతులు చాలా ఎక్కువని 2013లో 'నేచర్' పత్రికలో వచ్చింది. మన ఎంగిలి తిని తిని అలా మారాయేమో. (కుక్కని పూర్తి శాకాహారిని చెయ్యొచ్చా అన్నది వేరే తగువు. మా ఇంట్లో వాడికొక్కడికే గుడ్డు ఉడుకుతుంది.)

నిజానికి వాడి కడుపుకి ఈ క్యారెట్ అక్కర్లేదు. ఆ కరకర వినడం నాకు కావాలి.

మొన్న అమ్మ వచ్చింది. పప్పుచారన్నం ముద్ద చేసి చంటిగాడి వైపు వంగింది. ఆపాను. "ఉల్లిపాయలు ఏరేసి పెడతాలేవే," అంది. చారులోకి దిగిపోతుందమ్మా అని, జరిగిందంతా చెప్పాను. ముద్ద చేతిలోనే ఉంచుకుని చాలాసేపు కూచుంది.

"అన్నేళ్ళు పెట్టానే వీధిలో వాటికి. కొన్ని ఉన్నట్టుండి రావడం మానేసేవి. ఇంకో వీధికి పోయాయనుకునేదాన్ని."

నేనేమీ అనలేకపోయాను. చంటిగాడు ఆ ముద్దకేసే చూస్తూ తోకాడిస్తున్నాడు.