తడి గింజలు పైకి

రేవు ముఖద్వారం పక్కన మూడు కొండల మీద గుడి, దర్గా, చర్చి ఉన్న ఊరు విశాఖపట్నం. ఆ కొండల దిగువన, వన్‌టౌన్‌లో ఒక సాయిబు గారికి బియ్యం కొట్టు ఉండేది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. గాలికి కొట్టు పైరేకులు లేచిపోయి, వాన నేరుగా బస్తాల మీద పడింది. ఊళ్ళో కరెంటు లేదు. గాలి తగ్గాక బియ్యం కోసం జనం వరస కట్టారు.

మనవడు తడిసిన బియ్యం బస్తా అడుగున పోసి, పైన పొడి బియ్యం కప్పాడు.

"అడుగు దాకా ఎవరు చూస్తారు దాదా? ఇవాళ ఏవైనా అమ్ముడుపోతాయి" అన్నాడు.

ముసలాయన మోచేతి దాకా బస్తాలోకి చెయ్యి పోనిచ్చాడు. బయటికి తీస్తే మెత్తబడ్డ గింజలు వేళ్ళకు అంటుకొచ్చాయి.

"కూర్చో నాయనా. ఒకరోజు మదీనా బజారులో ముహమ్మద్ ప్రవక్త (స) ధాన్యం కుప్ప దగ్గర ఆగారు. ఇలాగే లోపలికి చెయ్యి పెడితే తడి తగిలింది. ఇదేమిటని అడిగారు. వానకు తడిసిందని వర్తకుడు చెప్పాడు. తడిసినందుకు ఆయన తప్పు పట్టలేదు. జనానికి కనబడేలా ఆ తడిని పైనెందుకు పెట్టలేదని అడిగారు. మోసం చేసేవాడు తనవాడు కాడన్నారు."

"ఆయన ప్రవక్త. మనం కొట్టువాళ్ళం కదా దాదా!"

"ఆయనా వర్తకం చేసినవారే. పుట్టకముందే తండ్రి పోయాడు, ఆరేళ్ళకు తల్లి పోయింది. చిన్నప్పుడు గొర్రెలు కాచారు. పెద్దయ్యాక మక్కా వర్తకురాలు ఖదీజా గారి సరుకు సిరియా తీసుకెళ్ళి అమ్మి, లెక్క తేడా రాకుండా అప్పజెప్పారు. మక్కా వాళ్ళు ఆయన్ని నమ్మదగినవాడని పిలిచేవారు. 622లో ఆయన్ని చంపాలని పన్నాగం పన్నిన ఊరే తన సొమ్ముల్ని ఆయన దగ్గర దాచుకుంది. ప్రాణం దక్కించుకోవడానికి రాత్రిపూట ఊరు విడుస్తూ కూడా, ఎవరివి వారికి ఇచ్చి రమ్మని తన బంధువు హజ్రత్ అలీని వెనక ఉంచారు. పగవాడి సొమ్మునే అంత భద్రంగా చూస్తే, కష్టంలో మన గడప తొక్కినవాడి డబ్బును ఎలా చూడాలి?"

మనవడు మారుమాట లేకుండా బస్తాలన్నీ గోనెపట్టా మీద కుమ్మరించాడు. తడివి గుమ్మం ముందు పోసి, సగం ధర అన్నాడు. పొడివి పాత ధరకే ఇచ్చాడు. ఎండబెట్టి పిండి కొట్టించుకుంటానని ఒకావిడ తడివి కొన్ని పట్టుకెళ్ళింది. గేదెలున్న ఒకాయన కుడితిలోకని ఇంకొన్ని కొన్నాడు. తక్కినవి మురిగిపోయాయి. ఆ నెల కొట్టుకు నష్టమే వచ్చింది. ధర పెంచి దాన్ని రాబట్టుకోవడానికి ముసలాయన ఒప్పుకోలేదు.

నీతి: తడవడం వాన వల్ల, దాచడం మన వల్ల. మొదటిది ఆపద, రెండోది పాపం. సరుకులోని లోపం తెలుసుకోవడం కొనేవాడి హక్కు. అడగకముందే చెప్పడం అమ్మేవాడి ధర్మం. లాభం కోసం నిజాయితీగా ఉండేవాడు నష్టం రాగానే దాన్ని వదిలేస్తాడు. ఎదుటివాడి హక్కని తలచేవాడు నష్టంలోనూ నిలబడతాడు. ప్రవక్త ధాన్యం కుప్ప దగ్గర చెప్పిన పాఠం ఏ మతం వాడి త్రాసుకైనా వర్తిస్తుంది.